గడ్డానికి వేరే సబ్బు ఎందుకు?

ఒంటికి రుద్దుకునే సబ్బు ఇంట్లో ఉండగా గడ్డం గీసుకోవడానికి వేరే సబ్బు ఎందుకు? ఈ ప్రశ్న మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అడిగాడు. మూతిమీద నూనూగు మీసాలు అప్పుడే వస్తున్న వయసు కనుక ప్రశ్నలో కొంత స్వార్థం ఉండవచ్చు. అయినా ప్రశ్న మంచిది. "రెండూ నురుగే కదా మాస్టారూ!" అన్నాడు. నిజమే, రెండూ నురుగే. కాని నురుగుకీ నురుగుకీ తేడా ఉంది. ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళితే సబ్బు అణువు దగ్గరికీ, బోరు నీళ్ళ దగ్గరికీ, చివరికి సబ్బు డబ్బా మీద అచ్చువేసిన మాటల దగ్గరికీ చేరతాం. ఆడపిల్లలు "ఇది మాకెందుకు?" అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో కత్తి పని తక్కువ, రసాయన శాస్త్రం పని ఎక్కువ.

ఈ మధ్య పెద్ద కర్మాగారాలతో నిమిత్తం లేకుండా, చిన్న చిన్న షెడ్లలో చేతితో కాచి, అచ్చులో పోసి అమ్మే సబ్బులు బజారులోకి వస్తున్నాయి. వాటిలో గడ్డం సబ్బులు కూడా ఉన్నాయి. అలాంటిది ఒకటి నా చేతికి వచ్చింది. గుండ్రటి రేకు డబ్బా, లోపల తెల్లటి బిళ్ళ, మంచిగంధం వాసన. వేలితో నొక్కితే గుంట పడేటంత మెత్తగా ఉంది. డబ్బా మూత మీద "రసాయనాలు లేని సహజమైన సబ్బు" అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. డబ్బా తిరగేస్తే అడుగున, చత్వారపు కళ్ళకు కనిపించనంత చిన్న అక్షరాలతో, అందులో ఏమేమి కలిపారో ఉంది: స్టియరిక్ ఆమ్లం, కొబ్బరినూనె, ఆముదం, పొటాషియం హైడ్రాక్సైడ్, సోడియం హైడ్రాక్సైడ్, గ్లిజరిన్, నీరు, పరిమళం. మూత ఒక మాట చెబుతోంది, అడుగు ఇంకో మాట చెబుతోంది. ఆ తగవు తరవాత తీర్చుదాం. ముందు అసలు కక్షిదారును, అంటే గడ్డం వెంట్రుకను, పిలిచి విచారించాలి.

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీను. గోళ్ళూ, ఆవు కొమ్మూ, మేక గిట్టా అన్నీ ఈ జాతివే. కెరటిన్‌లో పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు పక్కపక్కన పేర్చి ఉంటాయి. ఆ గొలుసులను ఒకదానితో ఒకటి కట్టిపడేసే బంధాలలో ముఖ్యమైనవి రెండు రకాలు. గంధకం పరమాణువుల మధ్య ఉండేవి గట్టివి. నీళ్ళకు అవి లొంగవు. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవే గాని లెక్కకు చాలా ఎక్కువ. పొడిగా ఉన్న వెంట్రుక బిరుసుదనం చాలావరకు వీటి చలవే. నీరు తగిలిందంటే నీటి అణువులు గొలుసుల మధ్యకు దూరి, ఆ బంధాలను తెంపి, తామే ఆ చోట్ల చేరతాయి. గొలుసులు ఎడమవుతాయి, వెంట్రుక ఉబ్బుతుంది. బాగా నానిన వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీరు పీల్చుకుంటుంది. దాని లావు సుమారు 15 శాతం పెరుగుతుంది. పొడుగు మాత్రం ఒకటి రెండు శాతమే పెరుగుతుంది. గొలుసులన్నీ నిలువునా ఉన్నాయి కాబట్టి ఉబ్బు అడ్డంగానే కనబడుతుంది మరి.

నానిన వెంట్రుక తేలికగా తెగుతుంది. దీనికి వేరే సాక్ష్యం అక్కరలేదు. తలంటి పోసుకున్నాక గోళ్ళు తీసుకుంటే మెత్తగా తెగుతాయి, పొడి గోళ్ళు టప్పున ఎగిరి ఎక్కడో పడతాయి. రెండూ కెరటినే.

అయితే నానడానికి వ్యవధి కావాలి. గడ్డం వెంట్రుకకు గోరువెచ్చటి నీటిలో రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇక్కడే చిక్కు వచ్చింది. చెంప నిలువుగోడ లాంటిది. నీళ్ళు కొడితే జారిపోతాయి. పైగా చర్మం మీదా వెంట్రుక మీదా పలచని జిడ్డు ఉంటుంది, అది నీటిని దగ్గరకు రానివ్వదు. కనుక జిడ్డును వదిలించేదీ, నీటిని చెంపకు పట్టించి కాసేపు నిలిపి ఉంచేదీ ఒకటి కావాలి. అదే గడ్డపు నురుగు. అది అందం కోసం కాదు, గుర్తుకోసం కాదు. గోడకు అతికించిన నీళ్ళు అది.

వెంట్రుక గురించి ఒక వింత చెప్పి ముందుకు పోతాను. బ్లేడు ఉక్కు వెంట్రుక కంటే సుమారు 50 రెట్లు గట్టిది. అయినా కొన్ని గడ్డాలకే బ్లేడు మొండిదవుతుంది! గట్టిదాన్ని మెత్తనిది ఎలా పాడుచేస్తుంది? 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు దీన్ని పట్టుకున్నారు. వారిలో జాన్‌లూకా రొషోలీ అనే ఆయన తన గడ్డమే గీసుకుంటూ, ప్రతిసారీ ఆ బ్లేడును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. బ్లేడు అంచు అరిగిపోవడం లేదు, చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతోంది. వెంట్రుక నిటారుగా నిలబడి తెగకుండా పక్కకు వంగినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం అంచు పొడుగునా ఒకేలా లేని చోట, బలమంతా ఒక బిందువు దగ్గర కేంద్రీకరించి పెచ్చు లేస్తుంది. ఒంగే గడ్డితో కొడవలికి ఇబ్బంది ఎలాంటిదో కోత కోసే ఇళ్ళ పిల్లలకు చెప్పనక్కరలేదు.

సబ్బు అణువూ, నురుగూ

సబ్బు అణువుకు ఒక తల, ఒక తోక. తలకు నీళ్ళంటే ప్రీతి. తోక కార్బన్, హైడ్రోజన్‌ల గొలుసు. దానికి నీళ్ళు గిట్టవు, జిడ్డుతో స్నేహం. నీటిలో సబ్బు వేస్తే ఈ అణువులు పైతలానికి చేరి, తలలు నీటిలో ముంచి, తోకలు గాలిలోకి పెట్టి నిలబడతాయి. దానితో నీటి తలతన్యత తగ్గిపోతుంది. శుద్ధమైన నీటికి అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు నీటికి 25, 30కి పడిపోతుంది. అందుకే సబ్బు నీరు పలచటి పొరలుగా సాగి గాలిని బంధించగలదు. బుడగ అంటే అదే. గాలి బుడగలు కిక్కిరిసి, మధ్యలో కాస్త నీరు మిగిలితే నురుగు.

నురుగు ఎలా కట్టి ఉంటుందో మొట్టమొదట శ్రద్ధగా చూసిన వాడు బెల్జియం దేశస్థుడు జోసెఫ్ ప్లాటో. "చూసిన" అన్నాను గాని ఆయన నడివయసులోనే చూపు పోగొట్టుకున్నాడు. ఇంటివాళ్ళూ తోటివాళ్ళూ చూసి చెబుతుంటే ప్రయోగాలు నడిపించి, 1873లో ఆ ఫలితాలన్నీ పెద్ద గ్రంథంగా అచ్చువేశాడు. బుడగల పొరలు ఎప్పుడూ మూడేసి చొప్పున, 120 డిగ్రీల కోణంలోనే కలుసుకుంటాయని చెప్పింది ఆయనే. ఆ మూడు పొరలు కలిసే చోట సన్నని కాలువ ఏర్పడుతుంది. నురుగులోని నీరు చాలామటుకు ఈ కాలువల్లోనే ఉంటుంది. ఈ కాలువల గుండానే కిందికి కారిపోతుంది కూడా.

ఇప్పుడు ఆలోచించండి. బుడగలు పెద్దవయితే కాలువలు వెడల్పు, నీరు గబగబా కారిపోతుంది. బుడగలు ఆవగింజలో పదోవంతు ఉంటే కాలువలు మరీ సన్నం, నీరు ఎటూ పోలేక చిక్కుకుపోతుంది. చిన్న బుడగకు ఇంకో శత్రువు కూడా ఉంది. చిన్న బుడగలో గాలి పీడనం పెద్ద బుడగలో కంటే ఎక్కువ. అందుచేత చిన్నదానిలోని గాలి పొరగుండా మెల్లగా పెద్దదానిలోకి పోతుంది. పెద్దది ఇంకా పెద్దదై చిన్నది మాయమవుతుంది. దీన్ని ఆపాలంటే పొర గట్టిదై ఉండాలి. పొర గట్టిదనం సబ్బు అణువు తోక పొడుగు మీద ఆధారపడుతుంది.

కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండేది లారిక్ ఆమ్లం. దాని అణువులో 12 కార్బన్ పరమాణువులు. పొట్టి తోక. ఈ సబ్బు నీటిలో చటుక్కున కరిగి పెద్ద బుడగలతో బోలెడు నురుగునిస్తుంది. అంత చటుక్కునా ఆ నురుగు కూలిపోతుంది కూడా. స్నానానికి అది చాలు, ఎలాగూ నీళ్ళు పోసుకుంటాం కదా! స్టియరిక్ ఆమ్లంలో 18 కార్బన్లు. ఆ పొడుగు తోకలు ఒకదాని పక్కన ఒకటి దట్టంగా సర్దుకుని గట్టి పొర కడతాయి. బుడగలు చిన్నవి, నురుగు మీగడలా చిక్కన, చాలాసేపు నిలుస్తుంది. గడ్డం సబ్బుకు కావలసింది ఇదే.

మరి అన్ని సబ్బులూ స్టియరిక్ ఆమ్లంతోనే చేయవచ్చుగా? ఇబ్బంది ఒకటుంది. సోడియం స్టియరేట్ చల్లటి నీటిలో సరిగా కరగదు. బ్రష్షుతో ఎంత రుద్దినా కాస్తే ఊడి వస్తుంది. సోడియానికి బదులు పొటాషియం పెడితే అదే సబ్బు మెత్తబడి, తడి బ్రష్షుకు తేలికగా లొంగుతుంది. నా డబ్బాలోని బిళ్ళ వేలికి గుంటపడడానికి కారణం ఇదే. స్నానం సబ్బు సోడియం సబ్బు. అది చేతిలో కరిగిపోకుండా నెల్లాళ్ళు రావాలి కనుక గట్టిగా ఉండాలి. గడ్డం సబ్బు ప్రధానంగా పొటాషియం సబ్బు, అందులో బిళ్ళ నిలబడడానికి కొంచెం సోడియం సబ్బు. కొబ్బరినూనె కొంచెం కలిపింది నురుగు త్వరగా మొదలవడానికి. ఆముదం, గ్లిజరిన్ జారుడుకు, తడి ఆరకుండా ఉండడానికి. డబ్బా అడుగున ఉన్న చిట్టాలో ఒక్కటీ వ్యర్థం కాదన్నమాట, ఒక్క పరిమళం తప్ప.

ఈ రెండు క్షార లోహాలూ మనకు కొత్తవి కావు. చాకలివారు బట్టలు ఉడకబెట్టడానికి వాడిన చౌడుమట్టిలో ఉన్నది సోడియం లవణం. అంట్లు తోమే కట్టెల బూడిదలో ఉన్నది పొటాషియం లవణం. జిడ్డు గిన్నెను బూడిదతో తోమినప్పుడు వేళ్ళకు జారుడు తగలడం మీరు గమనించారా? అక్కడికక్కడే రవ్వంత పొటాషియం సబ్బు తయారవుతోంది.

కొవ్వులో ఏముందో మొదట విప్పి చెప్పినవాడు ఫ్రాన్సు రసాయన శాస్త్రజ్ఞుడు మిషెల్ షెవ్రల్ (1786-1889). పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం ఇంకోసారి చూడండి, అచ్చుతప్పు కాదు, ఆయన 102 ఏళ్ళు బతికాడు. 1811 ప్రాంతంలో పందికొవ్వుతో చేసిన పొటాషియం సబ్బును నీటిలో కలిపి చూస్తుంటే ముత్యంలా మెరిసే పదార్థం విడిపోయింది. దాని వెంటబడి ఆయన కొవ్వు ఆమ్లాలను ఒకటొకటిగా వేరుచేశాడు. స్టియరిక్ అనే పేరు పెట్టింది ఆయనే. గ్రీకు భాషలో పశువుల గట్టి కొవ్వుకు పేరు అది. ఇప్పుడు దాన్ని పామాయిల్ నుంచి కూడా తీస్తున్నారు. గొట్టాలలో వచ్చే గడ్డం క్రీములలో ముత్యపు మెరుపు చూస్తారే, అది కూడా స్టియరిక్ ఆమ్లపు స్ఫటికాల మెరుపే.

తయారీ లెక్క మీరు చేయగలిగినదే. స్టియరిక్ ఆమ్లం అణుభారం 284. పొటాషియం హైడ్రాక్సైడ్‌ది 56. ఒక్కొక్క అణువు చొప్పున కలిస్తే 322 పాళ్ళ సబ్బు, 18 పాళ్ళ నీరు వస్తాయి. కూడి చూడండి, రెండు వైపులా 340. ఇది ఆమ్లం, క్షారం కలిసే తటస్థీకరణ కాబట్టి తక్షణం జరిగిపోతుంది. నూనెల సంగతి వేరు. నూనెలో కొవ్వు ఆమ్లాలు గ్లిజరిన్‌తో కట్టుబడి ఉంటాయి. ఆ కట్టు విడిపించడానికి క్షారానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఈ సబ్బును వేడిమీద కాచి, కలియబెట్టి చేస్తారు. చేసేవారు చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని చేస్తారు. ఆ క్షారం కంట్లో పడితే చూపు పోతుంది. కనుక ఇది ఇంట్లో చేయదగిన ప్రయోగం కాదు. లెక్క మాత్రం చేయండి.

సబ్బును పరీక్షిద్దాం

కత్తి అవసరం లేని పరీక్షలు మూడు చెబుతాను. గడ్డం సబ్బు ఏదైనా సరే, పక్కన ఒక స్నానం సబ్బు పెట్టుకోండి.

ఒక స్టీలు గ్లాసు తీసుకుని ఖాళీగా తూచండి. నిండా నీళ్ళు పోసి తూచండి. నీళ్ళు పారబోసి, తుడిచి, బ్రష్షుతో చేసిన నురుగు నింపి తూచండి. ఉదాహరణకు నీళ్ళు 200 గ్రాములు, నురుగు 40 గ్రాములు తూగాయనుకోండి. అంటే ఆ నురుగులో అయిదోవంతు ద్రవం, తక్కినదంతా గాలి. ఇప్పుడు రెండు సబ్బులనూ పోల్చండి. ఎత్తుగా పొంగిన నురుగే గొప్పదని మనం అనుకుంటాం. గడ్డానికి మాత్రం పొంగు కాదు, బరువు ముఖ్యం. గాలి వెంట్రుకను నానబెట్టదు కదా! తరవాత రెండు నురుగులనూ గాజు గ్లాసులలో పెట్టి కదపకుండా పావుగంట ఉంచి, ఏ గ్లాసు అడుగున నీరు ఎక్కువ చేరిందో చూడండి. నేను చూసినప్పుడు స్నానం సబ్బు నురుగు అడుగున తేటగా నీరు నిలిచింది, పైన బుడగలు బఠాణీగింజలంత అయ్యాయి. గడ్డం సబ్బు నురుగు గట్టి పెరుగులా పెట్టింది పెట్టినట్టే ఉంది.

రెండో పరీక్ష పసుపుతో. సబ్బు నీటిలో పసుపు వేస్తే కుంకుమ రంగుకు తిరుగుతుంది, క్షారగుణానికి గుర్తు. అయితే ఏ సబ్బయినా ఈ పరీక్షలో ఎర్రబడవలసిందే. ఒక సబ్బు మంచిది, ఒకటి చెడ్డది అని పసుపు చెప్పలేదు. బడిలో పి.హెచ్. కాగితం ఉంటే అది చెబుతుంది. సబ్బు ద్రావణానికి 9, 10 ప్రాంతం మామూలు. 11 దాటితే కలవకుండా మిగిలిపోయిన క్షారం ఉందని అనుమానించాలి. చేతితో చేసిన సబ్బును ముఖానికి పూసుకునే ముందు ఈ పరీక్ష చేయడం మంచిది. చర్మం పి.హెచ్. సుమారు 5 మాత్రమే. తెలిసిన తయారీదార్లు క్షారాన్ని లెక్క కంటే కొంచెం తక్కువ వేసి, కాస్త కొవ్వును ఉత్తినే వదిలేస్తారు. నా డబ్బా సబ్బు ఈ పరీక్షలో నెగ్గింది.

మూడోది నీళ్ళ పరీక్ష. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. సబ్బు నురగని నీళ్ళు, పప్పు ఉడకని నీళ్ళు అని పెద్దవాళ్ళు అనే బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. అవి సబ్బు అణువులను రెండేసి చొప్పున పట్టుకుని నీటిలో కరగని తెల్లటి తెట్టుగా మార్చేస్తాయి. ఎంత సబ్బు వృథా అవుతుంది? కఠినత్వాన్ని కాల్షియం కార్బనేటు లెక్కలో చెబుతారు. దాని అణుభారం 100. ఒక్కొక్క కాల్షియం రెండు సబ్బు అణువులను మింగుతుంది, అంటే 100 గ్రాములకు 644 గ్రాముల పొటాషియం స్టియరేట్! తాగునీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదు, వేరే నీటి వసతి లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. 600 ఉన్న నీళ్ళు లీటరుకు దాదాపు 3.9 గ్రాముల సబ్బును మింగాకే నురుగు రానిస్తాయి.

సీసాతో దీన్ని కొలవవచ్చు. గడ్డం సబ్బు ఒక గ్రాము గీకి, 100 మి.లీ. గోరువెచ్చని క్యాను నీటిలో కరిగించండి. ఇంకో సీసాలో 100 మి.లీ. బోరు నీరు పోయండి. సబ్బు ద్రావణం వేడి చల్లారక ముందే, 5 మి.లీ. చెంచాతో ఒక్కొక్క చెంచా బోరునీటిలో వేస్తూ, మూతపెట్టి గిలకరిస్తూ, నురుగు అయిదు నిమిషాలు నిలిచేదాకా లెక్కపెట్టండి. 600 కఠినత్వానికి ఎనిమిది చెంచాలు, సబ్బులో నీరూ గ్లిజరినూ ఉన్నాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. క్యాను నీటికి ఒక చెంచాతోనే నురుగు నిలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండు రసాయనవేత్త థామస్ క్లార్క్ నీటి కఠినత్వం కొలిచింది సరిగ్గా ఇలాగే. పనిలో పనిగా అదే బోరునీటిలో కుంకుడుకాయ రసం వేసి గిలకరించండి. నురుగు వస్తుంది! కుంకుడులో నురుగునిచ్చేవి సాపోనిన్లు. అవి కొవ్వు ఆమ్లపు లవణాలు కావు కాబట్టి కాల్షియం వాటి జోలికి పోదు. మన అమ్మమ్మలు బావినీళ్ళతో జడలకు జడలు ఎలా తలంటుకున్నారో ఇప్పుడు తెలిసింది కదూ.

ఇంత కఠినమైన నీళ్ళలో గడ్డం సబ్బు పనికిరాదేమో అనుకుంటున్నారా? లెక్క వేస్తే అలా లేదు. ముఖానికి సరిపడా నురుగుకు పట్టే నీరు 20 మి.లీ. అనుకోండి, బ్రష్షు ఎత్తే సబ్బు ఒక గ్రాము. ఆ కాస్త నీటిలోని కాల్షియం మింగేది గ్రాములో పదమూడో వంతు సబ్బే. తక్కిన పన్నెండు వంతులూ నురుగుకు మిగులుతాయి. చిక్కంతా కడుక్కునేటప్పుడు వస్తుంది. చెంబుడు బోరునీళ్ళలో బోలెడు కాల్షియం. ముఖంమీద మిగిలిన సబ్బు దానితో కలిసి తెట్టుకట్టి చర్మానికి పట్టుకుంటుంది. ముఖం బిగిసినట్టు, గరగరలాడినట్టు ఉందని సబ్బును తిట్టేవారిలో చాలామంది తిట్టవలసింది నీళ్ళను. చివర ఒక్క గ్లాసు క్యాను నీళ్ళతోగాని, పట్టి ఉంచిన వాననీటితోగాని కడుక్కుంటే చాలు.

ఇక నా గడ్డం. ఒక వారంపాటు ఒక చెంపకు కొత్త సబ్బు, ఒక చెంపకు స్నానం సబ్బు వాడాను. మనిషి ఒకడే, నీళ్ళు అవే, బ్లేడు అదే. కుడిచేతి వాటం వల్ల ఒక చెంప ఎప్పుడూ బాగా తెగుతుంది కనుక రోజు విడిచి రోజు చెంపలు మార్చాను. స్నానం సబ్బు వైపు, కత్తి అక్కడికి చేరేసరికి నురుగు ఆరి పొట్టులా అయ్యేది, కత్తి పట్టిపట్టి నడిచేది. కొత్త సబ్బు వైపు రెండోసారి గీసేటప్పుడు కూడా తడి ఉంది. వారంలో గాట్లు రెండు పడ్డాయి, రెండూ స్నానం సబ్బు వైపే. ఈ గాట్లను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. బొమ్మా బొరుసూ వేసినా రెండుసార్లూ బొమ్మే పడడానికి నాలుగింట ఒక అవకాశం ఉంది. నురుగు ఆరిపోవడం రోజూ కనిపించింది కాబట్టి అది సాక్ష్యం.

రెండో వారం స్నానం సబ్బు తీసేసి, దాని స్థానంలో కిరాణా కొట్టులో దొరికే చవక గడ్డం క్రీము పెట్టాను. తేడా? వాసన తప్ప నాకేమీ తెలియలేదు. క్రీము గొట్టం వెనక చదివితే సంగతి అర్థమయింది. అందులోనూ స్టియరిక్ ఆమ్లం, పొటాషియం హైడ్రాక్సైడ్, గ్లిజరిన్ ఉన్నాయి. చేతితో కాచినా, యంత్రంతో కాచినా పొటాషియం స్టియరేట్ అణువుకు తన పుట్టిల్లు గుర్తుండదు. డబ్బాకు అయిదారు రెట్లు ధర పెట్టే వారు మంచిగంధానికీ, రేకు డబ్బాకూ, చేసినవారి శ్రమకూ పెడుతున్నారు. అందులో తప్పులేదు, చేతిపనికి విలువ ఉంది. మూత మీది మాట మాత్రం అబద్ధం. రసాయనాలు లేకపోతే ఆ డబ్బాలో సబ్బే ఉండదు, నీరు కూడా ఉండదు. మంచి సరుకు చేసినవారికి ఆ అబద్ధం అవసరమా అనిపించింది.

గాటు పడితే పటిక రాయడం మీరు సెలూన్లో చూసే ఉంటారు. పటికలోని అల్యూమినియం రక్తంలోని ప్రోటీన్లను గడ్డకట్టించి చిన్న గాటును మూసేస్తుంది. వరద నీటిలో పటిక తిప్పితే బురద అడుక్కు దిగేది కూడా ఆ అల్యూమినియం మహిమే. కాని పటిక రోగక్రిములకు మందు కాదు. పదిమందికీ రాసిన పటిక రాయి, పదిమందికీ వాడిన బ్లేడు మీకొద్దు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. కంటికి కనిపించనంత రక్తం చాలు. సెలూన్లో కూర్చున్నప్పుడు కొత్త బ్లేడు వెయ్యమని అడగండి. ఇంట్లో అన్నదమ్ములు కూడా బ్లేడు పంచుకోకూడదు.

ఇంట్లో ఎవరైనా ఇలాంటి సబ్బు వాడుతుంటే, పని అయ్యాక డబ్బా మూత వెంటనే పెట్టవద్దని చెప్పండి. పొటాషియం సబ్బూ గ్లిజరినూ రెండూ గాలిలోని తేమను లాగుతాయి. వానాకాలంలో బిళ్ళ మీద చెమటలా నీటిచుక్కలు కనబడతాయి. అది సబ్బు చెడిపోయి కాదు. గంటసేపు గాలికి వదిలి, బ్రష్షును కుచ్చు కిందికి వేలాడేటట్టు తగిలిస్తే, రెండూ మర్నాటికి పొడిగా ఉంటాయి.